తూర్పు సగం

ఒక మాటను గొంతులో పెట్టుకుని ఇన్నేళ్లుగా బతుకుతున్నాను. అది కిందికి దిగదు, పైకి రాదు. అందరితో నవ్వుతాను, వండుతాను, కారు నడుపుతాను. ఎక్కడో సిగ్నల్ దగ్గర ఒంటరిగా ఆగినప్పుడు అది కదులుతుంది. మీరెవరో నాకు తెలియదు. మీరు నన్నెప్పుడూ చూడరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో మేం అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. పక్క తలుపు వసంత వాళ్లది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. వాళ్లాయన మోహన్, మా ఆయన ఒకే ఆఫీసు. ఉద్యోగాలకి వెళ్లే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వసంత దగ్గర దింపేవాళ్లు. చప్పుడని కింది ఫ్లోర్ వాళ్లు ఎప్పుడూ గొడవే. నేల మీద సొంత ఇల్లు కట్టుకుని, వెనక పెద్ద పెరట్లో ఆ పిల్లల్ని పరిగెత్తనివ్వాలని ఆమె కోరిక. నా కోరికకి అంత మంచి కారణం లేదు. బిల్డర్లు వరసగా ఒకే అచ్చులో కట్టిన ఇళ్లు నాకు నచ్చేవి కావు. నా వంటగది ఎలా ఉండాలో నేనే గీసుకోవాలనుకున్నాను. అంతే.

ఊరికి దూరంగా నాలుగెకరాల ఖాళీ స్థలం అమ్మకానికి వచ్చింది. కట్టిన ఇంటికైతే బ్యాంకులు పిలిచి మరీ లోన్ ఇస్తున్న రోజులవి. ఖాళీ నేలకి మాత్రం ముందుగా పెద్ద మొత్తమే పెట్టమన్నారు. అమ్మేవాళ్లేమో ముక్కలుగా అమ్మేది లేదన్నారు. ఒక్క కుటుంబం వల్ల అయ్యే పని కాదు. ఇద్దరం కలిసి డౌన్‌పేమెంట్ పెట్టి, కలిసే లోన్ తీసుకుని, తర్వాత చెరి సగం రాయించుకుందామనుకున్నాం. పిల్లల్ని చూసి కూడబెట్టినదంతా వసంత బయటికి తీసింది.

అక్కడ ఊరి మురుగు పైపులు లేవు. ఇల్లు కట్టాలంటే సెప్టిక్ ట్యాంక్ పెట్టుకోవాలి, దానికి మట్టి నీళ్లు పీల్చుకోవాలి. మట్టి పరీక్ష చేయించే పని నేను తీసుకున్నాను. సంతకాలకి కొద్ది రోజుల ముందు పరీక్ష చేసినాయన నాకు ఫోన్ చేశాడు. పడమటి సగం బాగుంది. తూర్పు సగంలో అడుగంతా బంకమట్టి, నీరు ఇంకదు, అక్కడ ఇంటికి పర్మిట్ వచ్చేలా లేదు. రాసి పంపమంటారా అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

ఎందుకన్నాను? చెబితే వసంత వాళ్లు తప్పుకుంటారు. వాళ్లు తప్పుకుంటే లోన్ రాదు, స్థలం పోతుంది. నాకు తట్టింది ఇదొక్కటే. ఇంకో స్థలం దొరకదా? దొరికేది. ఆ రోజు ఆ ప్రశ్న వేసుకోలేదు, వేసుకుంటే జవాబు కూడా వినాల్సి వస్తుందని. సాయంత్రం అందరితో టెస్ట్ పాసైందని చెప్పాను. ఒక ఇంటికి పాసైంది కదా, మరీ అబద్ధం కాదు కదా అని చాలాకాలం నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అది అబద్ధమే.

ఆ శనివారం స్థలం చూడటానికి వెళ్లాం. మగవాళ్లిద్దరూ టేప్ పట్టుకుని కొలుస్తున్నారు. వసంత నా పక్కనే నిలబడింది.

"ఎవరు ఎటు తీసుకుందాం అక్కా? చీటీలు వేద్దామా?"

"చీటీలెందుకు. తూర్పు మీరు తీసుకోండి."

"అదేంటక్కా, పెద్దవాళ్లు మీరు. వాస్తుకి తూర్పే మంచిదంటారుగా, మీరే ఉంచుకోండి."

"నువ్వు చిన్నపిల్లలతో ఉంటావు. పొద్దుటి ఎండ మీ పెరట్లో పడాలి. తీసుకో."

"సొంత అక్కున్నా ఇలా ఇచ్చేది కాదు" అంటూ నా చెయ్యి పట్టుకుంది. నేను వెనక్కి తీసుకోలేదు.

మా ఇల్లు ముందు లేచింది. గృహప్రవేశం రోజు మా పొయ్యి మీద పాలు పొంగించింది వసంతే. మరుసటి ఏడాది వాళ్లు పర్మిట్‌కి అప్లై చేస్తే కౌంటీ ఆఫీసు వాళ్లు కుదరదన్నారు. మోహన్ మళ్లీ పరీక్ష చేయించాడు. అదే మాట. మా సోఫాలో తల పట్టుకు కూర్చున్నాడు. "మొత్తం స్థలానికి కలిపి టెస్ట్ పాసైందంది అక్క. విడిగా మన ముక్క చూపించుకోకపోవడం మన తప్పే" అని వసంత అతనికి నచ్చజెప్పింది. "రూల్స్ మారాయేమో" అన్నాను నేను. ఎంత తేలిగ్గా అన్నానో.

అంతలో ఉద్యోగాలు ఊడటం మొదలైంది. మోహన్‌ది పోయింది. ఇల్లు కట్టలేని నేలని ఎవరు కొంటారు? వాయిదాలు మాత్రం ఆగవు. చివరికి అతనికి దూరంగా వేరే రాష్ట్రంలో, నోవైలో పని దొరికింది. ఏమీ తెలియని మా ఆయన జాలిపడి వాళ్ల వాటా లోన్ తన మీద వేసుకున్నాడు. వాళ్లు తూర్పు సగం మా పేరు మీద రాసి వెళ్లిపోయారు. ముందు పెట్టిందంతా అందులోనే పోయింది. వెళ్లేటప్పుడు వసంత మా ఆయనకి దణ్ణం పెట్టింది. ఆ తర్వాత అద్దె ఇంట్లో డేకేర్‌కి ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే, ఒక స్టోర్‌లో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. రోజంతా నిలబడితే కాళ్లు వాస్తున్నాయని ఫోన్‌లో నవ్వుతూ చెప్పేది.

పోయిన వేసవిలో వాళ్లమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి నోవై వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. "అక్కా, నువ్వొచ్చావు, ఇంకెవరూ రాకపోయినా పర్లేదు" అంటూ వేడి వేడి బజ్జీలు నా ప్లేట్‌లో వేసింది. తిన్నాను. చెప్పకుండానే తిరిగొచ్చాను.

పోయిన వారం మా ఆయనకి చెప్పాను. "చెప్పాల్సింది నాకు కాదు" అన్నాడు. అప్పట్నుంచీ అవసరమైతేనే పలుకుతున్నాడు. ఆయన మాట నిజం. వసంతకి చెప్పే ధైర్యం నాకు వస్తుందా? రేపే ఫోన్ చేస్తానని మీకు మాటివ్వలేను. క్షమించమని అడిగే హక్కు ఉందని కూడా అనుకోవడం లేదు.

నన్ను నమ్మిన మనిషిని నేను మోసం చేశాను. ఈ వాక్యాన్ని ఇంతవరకూ మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. కొట్టెయ్యను.