పుంగ్గోల్ ఒడ్డున ఒక వంకర పీట

బాత్రూం నేల పగలగొట్టి కొత్త టైల్స్ వేయించాల్సి రావడంతో మా ప్రయాణం మొదలైంది. మా ఆవిడ పద్మ జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నది ఆ నేల మీదే. ఆపరేషన్ అయి, కట్టు విప్పాక కూడా తను సింగపూర్ సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్ గడప దాటలేదు. కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి రమ్మన్నా భయమే. పనివాళ్లు మూడు రోజులు ఇల్లు ఖాళీ చేయమన్నారు. హోటల్ గది బదులు మంచం, చిన్న పొయ్యి ఉన్న క్యాంపర్ వ్యాను అద్దెకు తీసుకున్నాను. వారాంతం కాకపోతే రెంటికీ అయ్యే ఖర్చు దాదాపు ఒకటే.

మా ఇంటి నుంచి పుంగ్గోల్ తీరం ఎంతో దూరం లేదు. పొద్దున్నే అద్దె కంపెనీ నుంచి వ్యాను తీసుకుని నేను నేరుగా అక్కడికి వెళ్లాను, పద్మ టాక్సీలో వచ్చింది. అవతలి ఒడ్డు పొగమంచులో సగం కరిగిపోయినట్టుంది. నీళ్లు కదులుతున్నాయో లేదో తెలియడం లేదు. తను చాలాసేపు అటే చూసి వ్యాను దగ్గరికి వచ్చింది. కానీ తలుపు కింది మెట్టు మరీ ఎత్తు. మోకాలు అంత వంగలేదు. రెండుసార్లు ప్రయత్నించి, ఊరికి ఆ చివర జురాంగ్ ఈస్ట్‌లో ఉన్న స్నేహితురాలి ఇంటికి పోతానని ఫోన్ తీసింది. ఇప్పుడు వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికి బయటికొస్తుందోనని నాకు భయమేసింది. ఒక్క పూట ఆగమని బతిమాలాను.

దగ్గర్లోని హార్డ్‌వేర్ షాపులో చెక్కలు, రంపం, మేకులు కొన్నాను. నేను బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి, జన్మలో చెక్క కోసి ఎరగను. చెట్టు నీడలో పద్మ బెంచీ మీద కూర్చుంటే, పక్కనే నేను వ్యాను మెట్టు ముందు వేయడానికి మోకాలెత్తు పీట తయారుచేశాను. నాలుగు కాళ్లూ నాలుగు రకాలు. గాలమేసుకుని కూర్చున్న ఒక పెద్దాయన మా తెలుగు విని లేచొచ్చారు. పేరు అప్పన్న. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట, ఈయన పుట్టింది ఇక్కడే.

“ఈ కాలు టింగి, తమ్ముడూ. పొడుగు. కొంచెం కొయ్యి,” అన్నారాయన.

కోశాను. పీట ఇంకో పక్కకి ఒరిగింది. ఆ పక్క ఆయన కోశారు. వడ్రంగంలో ఆయనా నాలాంటివారేనని అప్పుడర్థమైంది. అలా వంతులవారీగా కోస్తూ పోయాం. చివరికి ఊగడం ఆగింది గానీ, అది జానెడు ఎత్తు మిగిలింది.

పద్మ నవ్వింది. నెలల తర్వాత విన్న ఆ నవ్వు నీళ్ల మీదుగా ఎక్కడికో పోయినట్టనిపించింది. తర్వాత లేచి, పీటను వ్యాను దగ్గర పెట్టమంది. అప్పన్న అంకుల్ పీటను కాలితో అదిమి పట్టారు. నేను చెయ్యి అందించబోయాను.

“పట్టుకోకండి. నన్నే ఎక్కనివ్వండి,” అంది.

జానెడు ఎత్తుకి మోకాలు వంగింది. అక్కణ్ణుంచి వ్యాను మెట్టు, ఆ పైన లోపలికి. నేను చికెన్ రైస్ పట్టుకొచ్చేసరికి మంచం పక్క కిటికీ తెరిచి పడుకుని ఉంది. తిని, పడవలు చూస్తూ చూస్తూ నిద్రపోయింది. కర్టెన్ లేస్తూ పడుతూ ఉంటే ఎండ తన మొహం మీదికి వచ్చి పోతోంది. వ్యాను కూడా మెల్లగా ఎటో తేలిపోతున్నట్టుంది.

మర్నాడు లేచేసరికి పక్కన పద్మ లేదు. తలుపు తీసి చూస్తే నీటి ఒడ్డున కమ్మీ దగ్గర అప్పన్న అంకుల్ పక్కన నిలబడి, ఆయన గాలం పట్టుకుని ఉంది. నన్ను చూసి, చప్పుడు చేయొద్దని సైగ చేసింది.

మేం సింగపూర్ దాటలేదు, మా పేట నుంచే పెద్దగా దూరం పోలేదు. అయినా నాకు గుర్తున్న ప్రయాణాల్లో ఇంత దూరం వెళ్లింది మరొకటి లేదు. మీరూ ఇలా బయలుదేరేటట్టయితే ఒక్క మాట. ఫొటోలో మంచం చూసి మురిసిపోయి డబ్బు కట్టేయకండి, నేల నుంచి మెట్టు ఎంత ఎత్తుందో ముందే అడగండి.