వదిన నీళ్ళలోంచి పైకొచ్చే దాకా

మా వదిన పోయింది. పోయిన శుక్రవారం పొద్దున్నే తిరునిన్రవూరు నుంచి, సెలవుకి ఇంటికొచ్చి ఉండిన ఆమె కొడుకు ఫోన్ చేసి, "అత్తా, అమ్మ నిద్రలోంచి లేవలేదు" అన్నాడు. ఒంట్లో బాగలేదని ముందురోజు ఒక మాట చెప్పి ఉంటే మా తిరుత్తణి మురుగన్‌కి ఏదో ఒకటి మొక్కుకోని ఉందును. ఈసారి మొక్కుకునేదానికి నాకు టైం కూడా ఇయ్యలేదు ఆమె.

వదినంటే మా ఆయనకి సొంత అక్క. ఇద్దరం ఏడ్చుకుంటా రైలెక్కి పోయినాము. ఆడవాళ్ళం ఆమెకి చివరి స్నానం చేయిస్తా ఉంటే పక్కింటామె అడిగింది, "జుట్టేంది ఇంత పొట్టిగా ఉండాది?" అని. మళ్ళీ నా తల చూసి, "నీదీ అంతే ఉండాదే!" అన్నాది. నిజమే. ఇద్దరిదీ మెడకాడికే. ఏడుస్తా ఏడుస్తానే నాకు నవ్వొచ్చేసింది. ఆ నవ్వు యాడ నుంచి వచ్చిందో మీకు చెప్పాలని ఇది రాస్తా ఉండాను.

వదిన పుట్టింది ఊత్తుకోట పక్క పల్లెలో. పొలం బావిలో మొగపిల్లోళ్ళతో పాటు దూకి ఈత నేర్చుకుందంట. నేను అట్ల కాదు. ఫ్యాను తిరిగితే ఊడి పడతాదేమో అనుకుంటాను. ఆయన పాలకి పోయి కొంచెం లేటయితే వీధి గుమ్మం వదలను. వదిన నన్ను చూసి నవ్వేది. "భయపడొద్దని నేను చెప్పనమ్మీ. భయపడు. ఇంట్లో కూర్చోని కాదు, దిగి భయపడు" అనేది.

ఆమె కొడుకుది అండమాన్‌లో పడవ మీద పని. సముద్రం అడుగుకి పోయి చేపల్ని చూసొచ్చే వాళ్ళకి మునిగేది నేర్పిస్తాడు. ఆ పడవలోనే తిండి, ఆ పడవలోనే నిద్ర, దీవి నుంచి దీవికి పోతా ఉంటారు. ఫ్యాక్టరీ పని మానేసినాక వదిన కూడా డాక్టరు కాడ అన్నీ చూపించుకోని కొడుకు దగ్గర నేర్చుకున్నాది. పోయినేడు వానలు మొదలయ్యే ముందర, ఆఖరి ట్రిప్పులో చోటుందని కొడుకు పిలిచినాడు. మా ఆయన నాతో, "మా అక్క నీళ్ళు కనిపిస్తే మనిషి కాదు. నువ్వు కూడా పో, కనిపెట్టుకోని ఉండు" అన్నాడు. ఎవుర్ని ఎవురు కనిపెట్టుకునేది!

అబ్బా, ఏం సముద్రమది! మడుసుల్లేని దీవులు, చెట్లు ఇసక దాకా దిగొచ్చి నిలబడి ఉంటాయి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. పడుకుంటే మంచం ఊగతా ఉంటాది. నాకు భయమే, అయినా కళ్ళు మూతపడవు, ఏదన్నా చూడకుండా పోతానేమో అని!

మొదటిరోజు పొద్దున వదినకి నల్ల రబ్బరు చొక్కా తొడిగి, వీపుకి సిలిండరు కట్టి, చిన్న పడవ అంచున కూర్చోబెట్టినారు. నేను విబూది పెట్టినాను. "ఇది నీళ్ళలో నిలస్తాదా మే? సరే, చేపలకి పూసేసొస్తాలే" అని మాస్కు ఎత్తుకున్నాది. అంతే, వెనక్కి ఒరిగి దబ్బున పడిపోయింది! నేను పెట్టిన కేకకి పడవ నడిపే తమిళాయన బెదిరినాడు.

"పయపడాదీంగ పాటీ, భయపడొద్దు అవ్వా" అని నీళ్ళ మీద చూపించినాడు. బుడగలు. "అవి వస్తా ఉంటే మనిషి ఊపిరి తీస్తా ఉన్నట్టే."

నా కళ్ళు ఆ బుడగల మీదే. "అయ్యా, తిరుత్తణి ఏ పక్క?" అని అడిగినాను. ఆయన పడమర చూపించినాడు. అటు తిరిగి దండం పెట్టి, వదిన పైకొస్తే టెంకాయ కొడతానని మొక్కినాను. వచ్చింది! ముఖమంతా నవ్వు. తాబేలుని చూసిందంట.

టెంకాయతో సరిపోయిందనుకున్నాను. టిఫిన్ తినేసి మళ్ళీ దిగింది! భుజాన పాలకావడి మోసుకోని కొండెక్కతానని మొక్కినాను. మధ్యాహ్నం మళ్ళీ. స్వామికి పట్టుగుడ్డ. రోజూ ఇదే వరస. పడవ తిరిగిపోతా ఉంటాది కదా, ప్రతిసారీ తిరుత్తణి ఏ పక్కని అడగాల్సిందే. కడాకు ఆయనే నన్ను చూసి అడగకుండానే చెయ్యి చాపేవాడు.

"ఈసారి ఏం ఇస్తానన్నావు?" అని వదిన అడిగింది ఒకరోజు పైకొచ్చి.

"జుట్టు."

"ఎలక తోకంత ఉండాది, దాంతో స్వామికి ఏం పని మే!" అని నీళ్ళలోనే విరగబడి నవ్వింది.

ఇంటికి బయలుదేరేదానికి రెండు రోజుల ముందు సాయంత్రం వదిన, ఆమె కొడుకు, ఇంకో ఇద్దరు దిగినారు. కొంచేపటికి బుడగలు ఆగిపోయినాయి. పడవాయన లేచి నిలబడినాడు. లోపల నీళ్ళ లాగుడు ఎక్కువై వాళ్ళని దీవి అవతలకి ఈడ్చుకోని పోయుంటాదని చెప్పినాడు. మోటారు తిప్పి దీవి చుట్టూ పోతా ఉండాము. ఎండ నీళ్ళ మీద పడి ఏమీ కనిపించలేదు. ఇచ్చేదానికి ఏముంది ఇంక? టెంకాయ అయిపోయింది, కావడి అయిపోయింది, జుట్టు ఒక్కసారే కదా! మా ఆయనకి ఏం చెప్పేది? స్వామీ, వదిన పైకొస్తే నేనే దిగతాను, ఈ సముద్రంలో తల ముంచతాను, అని నోటికొచ్చేసింది.

దూరంగా నీళ్ళ మీద, మునిగినోళ్ళు గుర్తుకి గాలి ఊది లేపే ఆరెంజి రంగు గొట్టం ఒకటి నిక్కి నిలబడినాది. దాని కింద నాలుగు తలకాయలు!

పడవలోకి లాగుతానే వదిన అడిగింది, "ఏం మొక్కినావు?"

చెప్పినాను. నవ్వతాదనుకున్నాను, నవ్వలేదు. నా చెయ్యి పట్టుకోని, "పొద్దున పోదాం. నేను నీ కిందనే ఉంటాను" అన్నాది.

పొద్దున్నే నాకు లైఫ్ జాకెట్టు వేసి, చేతికి రబ్బరు చక్రం ఇచ్చి, నోట్లో ఊపిరి పీల్చే గొట్టం పెట్టినారు. దేవుడికిచ్చిన మాట, తప్పేదానికి లేదు. కళ్ళు మూసుకోని ముఖం ముంచినాను. ముందు వినిపించింది! తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు సముద్రమంతా ఒకటే సద్దు. ఏందబ్బా అని కళ్ళు తెరిచినాను.

అమ్మో! ఏమని చెప్పేది! కాలీఫ్లవరు మాదిరి గడ్డలు, వాటి సందుల్లో పసుపు పూసుకున్న చేపలు పెళ్ళికి పోతా ఉన్నట్టు గుంపు గుంపుగా! ఒకటి నా చేతి కాడికే వచ్చి గాజుల్ని చూసి పోయింది. నేను నవ్వి ఉప్పునీళ్ళు మింగినాను.

వదిన చెప్పినట్టే నా కిందనే ఉండాది. వెల్లకిలా తిరిగి నన్నే చూస్తా ఉండాది. ఆమె ఊపిరి బుడగలై పైకొస్తా ఉండాది, గోళీలంత మొదలై, పైకొచ్చేకొద్దీ వెండి పళ్ళేల మాదిరి పెద్దదై, నా గొంతుకి తగిలి చక్కిలిగింత పెట్టింది. ఇన్నాళ్ళూ పైన కూర్చోని చూసి భయపడినవి అవే!

ఊరికొచ్చినాక మొక్కులన్నీ తీర్చినాను. కొండ మీద నేను గుండుకి కూర్చుంటే వదిన కూడా పక్కన వచ్చి కూర్చున్నాది. "నువ్వెందుకు?" అంటే, "నా కోసం కదా నీ జుట్టు పోయేది. గుండుతో నువ్వొక్కతే యాడ తిరుగుతావు?" అన్నాది. ఇద్దరు ముసిలోళ్ళు, రెండు నున్నటి గుండ్లు, బస్సులో జనమంతా మమ్మల్నే చూస్తా ఉంటే మురుక్కులు తినుకుంటా వచ్చినాము. ఆ పొద్దు నుంచి ఇద్దరి జుట్టూ ఒకటిగానే పెరిగినాది.

ఆ చివరి స్నానంలో తలకి నీళ్ళు పోసేటప్పుడు ఆ జుట్టుని నేనే తుడిచినాను.

ఇప్పుడు పొద్దున్నే తొట్టిలో బిందె ముంచతానే, గుడగుడమని బుడగలొస్తాయి. అవి ఆగేదాకా బిందెని పైకెత్తను.