హిల్డెస్‌హైమ్ నుంచి మూడుసార్లు తిరిగొచ్చిన లాప్‌టాప్

జర్మనీలోని హానోవర్‌లో లాప్‌టాప్‌లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉంది. ముప్పై మందికి మించి ఉండరు. అందులో టచ్‌ప్యాడ్‌కి మాట సాయం చేసే మనిషి మన నర్సాపురం ఏసుకుమారి.

టచ్‌ప్యాడ్‌కి మాట సాయమేమిటంటారా? వెనకటికి మచిలీపట్నం రేవులో ఓడ దిగిన దొరకి తెలుగు రాదు, బట్టలమ్మే షావుకారుకి దొర భాష రాదు. మధ్యన ఒక దుబాసీ నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేవాడు. సరిగ్గా చెబితే బేరం, తప్పు చెబితే తగాదా. కంప్యూటర్‌లోనూ అంతే. లోపల బిగించిన టచ్‌ప్యాడ్ తన భాషలో ఏదో గొణుగుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కి అది అర్థం కాదు. మధ్యన నిలబడే ఆ దుబాసీ ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు.

ఏసుకుమారి రెండేళ్లు కూర్చుని అలాంటి దుబాసీ ఒకణ్ణి తయారుచేసింది. టైపు చేస్తున్నప్పుడు అరచెయ్యి వచ్చి ఆనితే పట్టించుకోవద్దని, వేలి కొస తాకితేనే కదలమని వాడికి నేర్పింది. టచ్‌ప్యాడ్ కంటికి అరచెయ్యంటే పెద్ద మచ్చ, వేలంటే చిన్న మచ్చ. చెప్పడానికి ఇంతే, నేర్పడానికి రెండేళ్లు. ఆ ఓపిక ఆమెకి నాన్న జయసాగర్ గారి నుంచి వచ్చింది. ఆయన గోదావరి జిల్లా చర్చిలన్నీ తిరిగి హార్మోనియంలు బాగుచేసేవారు. మెట్టు పలక్కపోతే మెట్టుని తిట్టకూడదమ్మాయ్, లోపల రీడు చూడాలి అనేవారు.

ఇంతకీ గొడవ పక్క ఊరు హిల్డెస్‌హైమ్‌లో మొదలైంది. అక్కడొక బీమా ఆఫీసులో ఫ్రావ్, అంటే శ్రీమతి, ఓజ్‌తుర్క్ అనే టర్కీ ఆవిడ లాప్‌టాప్‌లో బాణం గుర్తు దానంతటది గంతులేస్తోంది. కంపెనీకి పంపింది. ల్యాబ్‌లో వారం రోజులు పరీక్షిస్తే బుద్ధిమంతురాలిలా నడిచింది. తిప్పి పంపారు. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపారు. మూడోసారి వచ్చేసరికి మేనేజరు టీమన్ స్వయంగా ఏసుకుమారి బల్ల దగ్గరికొచ్చాడు. ఏ మాటైనా ఆపిల్ ముక్కలు కోసుకుంటున్నంత నింపాదిగా చెప్పే మనిషి.

"గురువారం దాకా చూద్దాం ఫ్రావ్ కుమారి. తప్పు దొరక్కపోతే మీ డ్రైవర్ తీసేసి, చిప్ అమ్మినవాళ్ల డ్రైవరే పెట్టేద్దాం. మీరు మాన్యువల్స్ రాద్దురుగాని."

రెండేళ్ల పని చెత్తబుట్టలోకి. పైగా మాన్యువల్సట.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అదే మోడల్ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. పై అంతస్తులో ఉండే రాజ్యశ్రీ దిగొచ్చింది. నిజామాబాద్ పిల్ల, నోరు ఊరుకోదు.

"అక్కా, నా లాప్‌టాప్ సచ్చిపోయింది. నీది జర ఇయ్యి. అన్మెల్డుంగ్‌కి టెర్మిన్ తీస్కోవాలె, గదే, ఇంటి అడ్రస్ రాయించుకునే ఆఫీసుల అపాయింట్‌మెంట్."

ఏసుకుమారి టీ పెట్టడానికి లేచింది. నీళ్లు కాగకముందే కేక వినబడింది.

"ఏందక్కా ఇది? నేను మంగళారం అంటే, అది శుక్రారం మీదికి దుంకుతున్నది."

ఏసుకుమారి గరిటె పట్టుకునే వచ్చింది. "కదలకు. చెయ్యి అలాగే ఉంచు."

"ఏమైంది, తేలు గిట్ల ఉన్నదా?"

తేలు లేదు. రాజ్యశ్రీ చేతికి నాలుగు బంగారు గాజులున్నాయి. కింది గాజు అంచు టచ్‌ప్యాడ్ మూలకి ఆనింది. ఒంటిని తాకుతున్న లోహం గనక టచ్‌ప్యాడ్‌కి అదీ చర్మమే. సన్నటి అంచు కావడంతో అచ్చం వేలి కొసంత మచ్చ. దుబాసీ పాపం నమ్మేశాడు.

మరి ల్యాబ్‌లో ఎందుకు దొరకలేదు? గుమ్మం దగ్గర ఒక ట్రే ఉంటుంది. ఒంటి మీది విద్యుత్తు సర్క్యూట్లకి తగలకూడదని ఉంగరం, వాచీ, గొలుసు అన్నీ అందులో పెట్టాకే లోపలికి అడుగు. ఏసుకుమారికైనా తట్టలేదేమంటే, వాళ్ల చర్చి సంఘంలో ఆడవాళ్లు నగలు పెట్టుకోరు. ముప్పైనాలుగేళ్లుగా ఆ చెయ్యి గాజు ఎరగదు.

"రాజ్యశ్రీ, నాలుగు రోజులు ఆ గాజులు ఇస్తావా?"

"నువ్వా? గాజులా? మీ పాస్టర్ సారు జూస్తే?"

"డ్రైవర్ రాసింది పాస్టర్ గారు కాదుగా. తియ్యి."

తియ్యడం అంత తేలిక కాలేదు. పెళ్లిలో అత్తగారు ఎక్కించినవి, ఐదేళ్లుగా దిగలేదు. గిన్నెల సబ్బు అరసీసా ఖర్చయ్యాక రెండు వచ్చాయి. మిగతా రెండూ రానన్నాయి.

గురువారం ల్యాబ్ గుమ్మంలో టీమన్ ఆమె చేతివైపు చూసి ట్రే ముందుకు జరిపాడు. "దయచేసి ఇందులో."

"పెడితే తప్పు కూడా ట్రేలోనే ఉండిపోతుంది. కాంటీన్‌కి రండి."

కాంటీన్ బల్ల మీద, కాఫీ కప్పుల మధ్య, ఆమె టైపు చేస్తుంటే బాణం గుర్తు గంతులేసింది. టీమన్ వంగి గాజు అంచు చూశాడు. తర్వాత హిల్డెస్‌హైమ్‌కి ఫోన్ చేసి, మీరు గాజులు వేసుకుంటారా అని అడిగాడు.

"ఐదు, మా పెళ్లినాటివి," అంది ఫ్రావ్ ఓజ్‌తుర్క్. "ఎందుకు, ఇప్పుడు ఫిర్యాదు నా చేతుల మీదా?"

మూలన ఆని, కదలకుండా కూర్చున్న చిన్న మచ్చ వేలు కాదని దుబాసీకి నేర్పడానికి ఏసుకుమారికి మరో రెండు రోజులు పట్టింది. గాజులతో గంటసేపు టైపు చేసి చూపించింది. బాణం గుర్తు ఉన్నచోటే ఉంది.

"మీ డ్రైవర్ ఉండనివ్వండి," అన్నాడు టీమన్. "మాన్యువల్ నేనే రాసుకుంటాను."

అప్పట్నుంచీ పరీక్షల జాబితాలో కొత్త అంశం చేరింది: గాజులతో టైపు చేయుట, స్థలం కాంటీన్. కంపెనీ రెండు ఇత్తడి గాజులు కొని, వాటికి ఆస్తుల పట్టీ నంబరు అంటించింది. పరీక్షకుడు ఊవె మణికట్టుకి అవి ఎక్కలేదు. కాబట్టి ఆ పరీక్ష ఏసుకుమారిదే.

ఒకరోజు భోజనాల వేళ నర్సాపురం నుంచి వీడియో కాల్ వచ్చింది. జయసాగర్ గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "అమ్మాయ్, చేతికేంటది?"

"కంపెనీ పరికరం నాన్నా. ఇదిగో, నంబరు కూడా ఉంది."

ఆయన తెరకి దగ్గరగా వంగి నంబరు చదువుకున్నారు. నగ సంగతి ఎత్తలేదు.

"పలుకుతోందా మరి?"

"ఇప్పుడు టచ్‌ప్యాడ్ మీద గాజు పలకడం మానేసింది నాన్నా. దాని కోసమే ఇంత పనీ."