తీపి తగులుతోందా?

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. నలభై ఏళ్ల డైరీలు నా దగ్గరున్నాయి. వాటిలో వాన, కరెంటు కోత, మోకాలి నొప్పి దొరుకుతాయి గానీ కారణం తెలియని విషయం ఒక్కటీ దొరకదు. ఆ ఆరు రోజులు తప్ప.

నల్గొండ వైపు ఒక పలుగురాయి గనిలో నేను మాస్కుల రిజిస్టర్ రాసేవాణ్ని. ఎవరికి ఏ మాస్కు ఇచ్చాం, ఫిల్టర్ ఎప్పుడు మార్చాం, అది ముఖానికి అతికిందా లేదా, అన్నీ అందులో ఉండాలి. ఏడాదికోసారి పరీక్ష. మాస్కు పెట్టుకున్న మనిషి తలకు సంచిలాంటి ముసుగు వేసి, లోపలికి తియ్యటి మందునీళ్లు చిమ్మేవాణ్ని. "తీపి తగులుతాందా?" అని అడగాలి. తగిలితే మాస్కు పక్కనుంచి గాలి దూరుతున్నట్టు. గాలి దూరిన చోట రాతిదుమ్మూ దూరుతుంది.

మైసయ్య డ్రిల్లు పట్టేవాడు. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు పరీక్షకు గడ్డంతో వచ్చాడు. గడ్డం ఉంటే మాస్కు అతకదు. తీసేసి రమ్మన్నాను.

"బిడ్డకు నడక రావాలని మొక్కిన సారూ. నడిచినంకనే తీస్త" అని నవ్వాడు. "గడ్డం దేవునిది, మూతి కంపెనీది. జర రాసుకోరాదుండ్రి."

పరీక్ష తప్పితే అతనికి పని ఉండదు. ముసుగు వేయకుండానే 'సరిపోయింది' అని రాశాను. ఆ సాయంత్రం డైరీలో మాత్రం నిజం రాసుకున్నాను. బిడ్డ నడవలేదు. ఆ తర్వాత నాలుగేళ్లూ గడ్డం అలాగే ఉంది; రిజిస్టర్‌లో 'సరిపోయింది', డైరీలో నిజం.

నేను రిటైరయ్యాక, నా భార్య కూడా పోయాక, ఒక మధ్యాహ్నం మైసయ్య భార్య పోచమ్మ వచ్చింది. ఊపిరితిత్తులు గట్టిపడి అతను చనిపోయి నెల అయిందట. అది గని దుమ్ము వల్లేనని ఆఫీసువాళ్లు ఒప్పుకోవడం లేదట.

"మాస్కు మంచిగనే అతికిందని మీ రాతే చూపిస్తుండ్రు సారూ. బీడీలు తాగి సచ్చిండంటుండ్రు. ఆయన బీడీ ముట్టలే."

"రిజిస్టర్ల ఉన్నదే ఉంటది పోచమ్మా" అన్నాను. ఈ వయసులో కేసులంటే భయపడ్డాను.

ఆమె వెళ్లాక మంచినీళ్లు తాగాను. తియ్యగా ఉన్నాయి. చక్కెర తీపి కాదు, నాలుక చివర వెగటుగా మిగిలే ఆ మందు తీపి. కుండ కడిగాను. ఉప్పు నోట్లో వేసుకున్నా అదే, మామిడికాయ తొక్కు నాకినా అదే. దవాఖానలో రక్తం చూపించుకుంటే షుగర్ లేదన్నారు. నీళ్లు రుచి చూసి చెప్పడానికి ఇంట్లో మరో మనిషి లేడు. రోజూ సమయంతో సహా డైరీలో రాశాను.

ఆరో రోజు పోచమ్మ మళ్లీ వచ్చింది. గడప దగ్గరే నిలబడింది.

"ఒక మాట మరిచిన సారూ. పానం పోయేముంగట 'సారుకు జెప్పు, తీపి తగులుతాంది' అన్నడు. అప్పటికి నోట్ల నీళ్లు గూడ పొయ్యలే. ఏం తీపి సారూ?"

అటక మీది ఆ ఐదేళ్ల డైరీలు దించి, ఆమెతోపాటు బస్సెక్కాను. రిజిస్టర్‌లోది తప్పుడు రాత అనీ, అది నాదేననీ ఆఫీసులో సంతకం పెట్టి వచ్చాను. విచారణ ఇంకా నడుస్తోంది.

ఆ సాయంత్రం నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

ఆ తీపి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఆరు రోజులు ఇంట్లో ఎవరో నన్ను ఏదో అడుగుతున్నట్టే ఉండేది. ఇప్పుడెవరూ అడగరు. అయినా రోజూ పొద్దున మొదటి గుక్క కాసేపు నోట్లో ఉంచుకుంటాను. తర్వాత డైరీ తీసి ఒకటే మాట రాస్తాను: చప్పన.