మా ఆయన ఫిరంగి ఫ్యూజులు

మా ఆయన గడియారాలు బాగుచేసి బాగుచేసి కొట్టు మూసేశాడు. పని మానేసిన మగాళ్ళు మొక్కలు పెంచుతారు, లేదా పేపరు చదివి లోకాన్ని తిడతారు. నా ఖర్మకి ఈయన ఫిరంగి ఫ్యూజులు పోగేశాడు. ఫ్యూజంటే కరెంటుది కాదు. పాతకాలం ఫిరంగి గుండు మూతికి బిగించే ఇత్తడి టోపీ లాంటిది. గుండు ఎన్ని సెకన్లకి పేలాలో దాని చుట్టూ అంకెలుంటాయి. వీధిలో కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు మా తలుపు కొట్టేవాళ్ళు, చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

పడకగదిలో రెండు బీరువాలూ వాటికే. నా చీరలు ట్రంకుపెట్టెలో. ఒక్క ఫ్యూజునీ తోమనివ్వడు. "తోమితే ముద్ర అరుగుతుందే. ముద్ర పోతే అది ఎవరి బిడ్డో ఎలా తెలుస్తుంది?" అంటాడు. కొత్తది వస్తే సుద్దపొడి అద్ది తుడుస్తాడు. గుంటల్లో తెల్లగా నిలిచిన అక్షరాలు భూతద్దంతో చదివి, ఏ కార్ఖానాదో, ఏ ఏటిదో చీటీ అంటిస్తాడు. అంతవరకూ అన్నానికి రాడు.

ఆరోజు పొద్దున్న పాతసామాన్లవాడు ఒకటి తెచ్చిచ్చాడు. మేడమీద అద్దెకున్నావిడ చూసి, బాంబనుకుని పోలీసులకి ఫోన్ చేసింది. కాసేపటికే బాంబులవాళ్ళు దిగి వీధంతా ఖాళీ చేయించారు. సగం గడ్డం గీసుకున్నవాళ్ళు, తలకి తువ్వాలు చుట్టుకున్నవాళ్ళు, అందరూ వీధి చివర నిలబడి నన్నే చూస్తున్నారు. ఈయన మాత్రం రాలేదు. "ఏ ఏటిదో తెలియకుండా పేల్చేస్తారా? చదివి వస్తాను" అని లోపలే కూర్చున్నాడు.

మైకులో పిలిచారు. చెవిటివాడి ముందు శంఖమే. పరుపులాంటి కోటు తొడిగి ఒకణ్ణి లోపలికి పంపితే, వాడు రెండు బీరువాల మధ్య ఇరుక్కుపోయాడు. "కాస్త చూసి కదులు నాయనా, గీతలు పడతాయి" అని మా ఆయన జాగ్రత్తలు చెప్పాడట. నలుగురు కలిసి వాణ్ణి వెనక్కి లాగారు.

జనం నవ్వుకుంటున్నారు. నేను మాత్రం మా గుమ్మం వైపే చూస్తున్నాను. అది నిజంగా పేలితే? ఈయన లేకపోతే నేనెవర్ని తిట్టుకుంటూ బతకాలి? అధికారి చెయ్యి అడ్డం పెట్టినా తోసుకుని వెళ్ళాను.

"బుద్ధుందా మీకు? లేవండి."

"అయిపోయిందే, చదువుతున్నాను."

భూతద్దం ఫ్యూజు మీద లేదు, పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు మీదుంది. సుద్దంతా టేబులుగుడ్డకే పట్టింది. ముద్రని వేలిగోరుతో తడుముకుంటున్నాడు.

"ఎన్నాళ్ళనించి?" అన్నాను.

"ఏడాది పైనే. ముందు అక్షరాలు పోయాయి. ఇప్పుడు నీ మొహం కూడా మసకే. చెప్తే బీరువాలు ఖాళీ చేయిస్తావని ఊరుకున్నాను."

ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని, నేనే సుద్ద అద్ది, ముద్ర చదివి వినిపించాను.

"అడుగున కన్నంలో ఏముంది?"

"ఏమీ లేదు. అవతలి గోడ కనిపిస్తోంది."

"అయితే బోలుది, లోపల మందు లేదు. సైనికులకి పాఠం చెప్పడానికి చేసింది. చీటీ రాయి" అన్నాడు. రాసి అంటించాను. అప్పుడు లేచాడు.

గుమ్మం దాటుతూ నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వీధిలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఎవడో ఈల వేశాడు. ముసలాళ్ళకి సరసం ముదిరిందని మేడమీదావిడ పకపకా నవ్వింది. సిగ్గుతో చచ్చాను గానీ చెయ్యి వదల్లేదు.

"మెట్లొచ్చాయి, నెమ్మదిగా దిగండి" అన్నాను, ఆయనకి మాత్రమే వినపడేలా.