సీ ప్లస్ ప్లస్ దీక్ష

కష్టపడనిదే పుణ్యం రాదని గట్టిగా నమ్మిన వయసొకటి ఉండేది నాకు. ఆ రోజుల్లో రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకు ఎవరొచ్చినా "ఈ పిల్ల చలికాలంలో కూడా చన్నీళ్లే పోసుకుంటుందట!" అని ముక్కున వేలేసుకునేవారు. వేణ్ణీళ్ల స్నానం చేసి దండం పెడితే దేవుడు సగమే వింటాడని నా నమ్మకం. (ఉబ్బసం ఉన్న పిల్లకి ఈ పిచ్చేమిటని అమ్మ రోజూ నా బకెట్లో ఒక చెంబు వేణ్ణీళ్లు కలిపేసేదట. ఆ సంగతి నా పెళ్లయ్యాక చెప్పింది.) ఆ ఉబ్బసం వల్లే నేను బడి గడప తొక్కలేదు. అక్షరాలు, ఎక్కాలు, ఇంగ్లీషు, అన్నీ అమ్మే వంటింటి పీట మీద కూర్చోబెట్టి నేర్పింది. ఆ పీటకు నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

మా నాన్నగారి అమ్మను మామ్మ అనేవాళ్లం. గూడ్సు గార్డుగా ఉన్న కొడుకు వెంట శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, హిందీ ఒక్క ముక్క నేర్చుకోకుండా, కాలనీ మొత్తానికి అష్టాచెమ్మా నేర్పేసిన మనిషి. వరండాలో సుద్దముక్కతో గళ్లు గీసి నాలుగు గవ్వలు విసిరిందంటే చాలు, నాలుగూ బోర్లా పడి "అష్టా!" అనే కేక వీధి చివరిదాకా వినిపించేది. మామ్మ ఓడిపోవడం నేను చూడలేదు. అది ఆవిడ పూజాఫలమని నా గాఢ విశ్వాసం. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమచేత్తో విసరబోతే గవ్వలు ఒళ్లోనే రాలిపోయాయి. వాటిని మూటగట్టి బీరువాలో పెట్టించి, ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఏమడిగినా "ఊఁ" తప్ప మాట లేదు. ఇలాగే వదిలేస్తే ఉన్న మాట కూడా పోతుందన్నాడు డాక్టరు. నేను సింహాద్రి అప్పన్నకు దండం పెట్టుకుని, ఎడమచేతి వేలితో ఒక్క బటన్ నొక్కితే గవ్వలు పడేలా కంప్యూటర్లో అష్టాచెమ్మా చేస్తానని మొక్కేశాను.

కంప్యూటరుంది. ఊళ్లోనే గుఢియారీలో కంప్యూటర్లు బాగుచేసే మా పెద్దమ్మ కొడుకు ఓ పాతది తెచ్చి పెట్టాడు. లేనిదల్లా దానితో మాట్లాడే భాష. అన్నయ్య సైకిలు దిగకుండానే తేల్చేశాడు. "అరే చెల్లీ, ఇంత చిన్న గేమ్‌కి విజువల్ బేసిక్ చాలే. మౌస్‌తో బటన్లు గీసుకోవడమే. ఆరామ్ సే అయిపోతుంది."

"ఇంకేమున్నాయి?"

"జావా ఉంది. సీ ప్లస్ ప్లస్ ఉంది. పెద్ద పెద్ద గేములన్నీ అందులోనే చేస్తారు. కానీ ఒక్క చుక్క తప్పినా ఊరుకోదు. నీ బస్ కా నహీ హై, నీ వల్ల కాదు."

నాకు కావలసింది సరిగ్గా అదే. వ్రతాల్లో నియమాలు ఎక్కువున్నదానికే ఫలమెక్కువ. కూర్చుని బటన్లు గీసేదానికి దేవుడు ఏం చూసి కరుణిస్తాడు? శనివారం ఉపవాసముండి, పుస్తకం మొదటి పేజీకి పసుపు రాసి, సీ ప్లస్ ప్లస్ మొదలుపెట్టాను. ఒక్క సెమీకోలన్ మరిచిపోతే తెరనిండా తప్పులు వచ్చేవి. వచ్చిన ప్రతిసారీ చెంపలు వాయించుకునేదాన్ని. "ఏమిటే, ప్రోగ్రామా ప్రాయశ్చిత్తమా?" అనేవారు నాన్న.

మూడు నెలల దీక్ష తర్వాత నల్లటి తెర మీద చిన్న చిన్న చుక్కలు కదిలాయి. కళ్లనీళ్లతో మామ్మను కుర్చీలో కూర్చోబెట్టి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "ఇదేటే గుంటా, సీకట్లో సీమలు పాకుతున్నాయా?" అని మళ్లీ మంచం ఎక్కేసింది.

ఆ రాత్రే మొండితనం దిగమింగి విజువల్ బేసిక్‌కి మారాను. సిగ్గుతో చెబుతున్నాను, పదకొండు రోజుల్లో ఆట తయారు! ఎర్రటి గళ్లు, నేనే గీసిన గవ్వలు, ఎదురుగా ఆడేది కంప్యూటరు. మామ్మ ఎడమచేతి వేలు పెట్టి నొక్కింది, గవ్వలు పడ్డాయి. నాలుగు ఆటలు వరసగా ఓడింది. "ఈడికి మొకం నేదు, తిట్టినా ఉలకడు. ఈడితో నానాడను," అని గోడవైపు తిరిగింది.

నా ప్రాణం ఉసూరుమంది. భాష తప్పు ఎంచుకున్నానేమో, జావాలో చేసుంటే గెలిచేదేమో అని అన్నయ్యను అడుగుతుంటే నాన్న పగలబడి నవ్వారు. "భాషదేముందే! మీ మామ్మ ఏనాడు న్యాయంగా ఆడింది? చీర కుచ్చిళ్ల చాటున కాలి బొటనవేలితో గవ్వ తిప్పేసేది. కాలనీ అందరికీ తెలుసు."

కాలనీ అందరికీ తెలుసు, నాకు తప్ప! ఇన్నేళ్లు నేను కళ్లకద్దుకున్న పూజాఫలం మామ్మ బొటనవేలన్నమాట. ఒక పూటంతా అన్నం సయించలేదు. ఆ తర్వాత ఇంకో చిక్కొచ్చి పడింది. దొంగాటకు ప్రోగ్రాం రాయడం పాపమా కాదా? దీపం పెట్టి అప్పన్ననే అడిగాను. ఆయనేమీ అనలేదు. (అనకపోతే ఒప్పుకున్నట్టేనని అప్పటికప్పుడు నియమం చేసుకున్నాను.) కీబోర్డు మూల బటన్ నొక్కితే ఒక గవ్వ తిరగబడేలా రాశాను.

మామ్మను కూర్చోబెట్టి, "ఈ మూలది మాత్రం నొక్కకు మామ్మా. పాడైంది, గవ్వ తిరగబడిపోతోంది. కంప్యూటరు కనిపెట్టలేదు కూడా," అని చెప్పి, కిటికీవైపు తిరిగి బట్టలు మడతపెడుతూ నిలబడ్డాను. టక్ అని ఒక బటన్ చప్పుడు. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టాను. టక్ అని ఇంకొకటి.

"అష్టా!"

ఆ కేకకి అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. మామ్మ తెరను దబాయిస్తోంది. "ఏటిరా, సూస్తావేటి? పడింది అష్టాయే! ఆడు నీ పందెం!" ఆ గొంతులో అంత దబాయింపు విని అయిదు నెలలైంది. నేను ఇటు తిరగలేకపోయాను.

"ఎనక్కి తిరిగి నిలబడితే సరిపోద్దేటే గుంటా?" అంది మామ్మ నా వీపుతో. "నీ బుజాలు నవ్వేస్తన్నాయి."

ఆ తర్వాత ఆవిడ రెండేళ్లు ఉంది. ఆ రెండేళ్లూ మా ఇంట్లో కేకలకు కొదవలేదు. అంతకన్నా ఏం కావాలి, అప్పన్నకు ఇప్పటికీ దండాలు పెడుతూనే ఉన్నాను. ఇప్పుడు రాయ్‌పూర్‌లోనే మోవాలో మా ఇంటికి కాలనీ పిల్లలు కంప్యూటరు నేర్చుకోవడానికి వస్తారు, గేములు చేయడానికి ఏ భాష మంచిదని అడుగుతారు. సులువైనది పట్టుకుని మొదలుపెట్టండర్రా అని చెప్పి పంపిస్తాను. ఒక్కోసారి, పసుపు మరకల పుస్తకం ముందేసుకుని చెంపలు వాయించుకునే ఆ పిల్లకి కూడా ఈ మాటే చెప్పాలనిపిస్తుంది. చెబితే మాత్రం వింటుందా! కళ్లు పెద్దవి చేసుకుని, "అయితే సీ ప్లస్ ప్లస్ కన్నా కష్టమైనది ఇంకేదైనా ఉందాండీ?" అని అడుగుతుంది.