వలలో లేని ఒక్క గీత

మా అక్క కూతురు మాధవి పీహెచ్‌డీ ప్రధాన ఫలితం తప్పని ఈ మధ్యాహ్నం మూడింటికి తేలింది. కనిపెట్టింది ఆమే.

ఆమె కంప్యూటర్లో ఒక వల అల్లి, గీతలను ఎడాపెడా తెంపుతుంది. కనీసం ఎంత వంతు గీతలు మిగిలితే ఈ చివరి నుంచి ఆ చివరికి నీరు పారుతుందన్నదే ఆమె లెక్క. వలంతా ఒకే గడిని పక్కపక్కనే పరిచి అల్లినది. ఆ గడిని పక్క గడికి కలిపే గీతల్లో ఒకదాన్ని ప్రోగ్రాంలో రాయడం మరిచింది.

ఫోన్ రాగానే మయూర్ విహార్‌లోని మా ఇంటి నుంచి జియా సరాయ్‌లోని ఆమె గదికి వెళ్లాను.

“ఒక్క గీతే కదమ్మా, కలిపెయ్” అన్నాను.

“అదే గడిని లక్షలసార్లు పరిచాను మావయ్యా. తప్పు కూడా అన్నిసార్లూ పరుచుకుంది. ప్రోగ్రాం మళ్లీ నడపాలంటే వారాలు పడుతుంది. మీ పేపర్లో అయితే సవరణ వేసి ఊరుకుంటారు!”

ఇన్నేళ్లు వార్తలు రాసిన నేను ఆమెకు చెప్పదగ్గ ఒక్క వాక్యం కోసం వెతుకుతున్నాను. మీకు దొరికితే కింద రాయండి, చూపిస్తాను.

పీహెచ్‌డీ గడువు ఇక పొడిగించరు. రేపు ఉదయం పదింటికి కమిటీ ముందు ఆమె ప్రసంగం. మొదటి స్లైడ్‌లో ఆ లేని గీతనే చూపిస్తుందట.